ఇంటి నేల: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచి వచ్చినవే. సముద్రపు ఇసుక, ఉప్పుగాలి, ఏడాదిలో చాలా నెలలు ఉండే తేమ, పోర్టు దుమ్ము ఈ ఊరి నేలలను పెట్టే కష్టం వేరుగా ఉంటుంది గనుక ఈసారి విశాఖ ఉత్తరాలకే చోటు కేటాయించాము. అయితే వీటిని చదివినప్పుడు ఒక సంగతి స్పష్టంగా కనబడింది. మాసిపోయి పాడైన నేలల కంటే, శుభ్రం చేయడం వల్ల పాడైన నేలలే ఎక్కువగా ఉన్నాయి. తమ ఇంట్లో పరిచినది ఏ రాయో, ఏ రకం టైలో తెలియకుండానే చాలామంది దాని మీద మందులు పోస్తున్నారు.

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీలో సొంత ఇల్లు. హాలులో తెల్ల మార్బుల్ పరిచి పన్నెండేళ్లయింది. పోయిన నెల గోడలకు రంగులు వేయించాము. కింద పడిన సున్నం, రంగు చుక్కలు పోవడానికని పనివారు బాత్‌రూం యాసిడ్‌ను నీళ్లలో కలిపి నేలంతా కడిగారు. చుక్కలు పోయాయి కానీ నేల కళ తప్పింది, అక్కడక్కడ తెల్లటి మచ్చలు పడ్డాయి. ఎంత తుడిచినా పోవడం లేదు. ఏ మందు వాడమంటారు? — ఒక పాఠకురాలు

సమాధానం: ఏ మందూ వాడకండి. మీరు చూస్తున్నవి రాతి మీద పడిన మరకలు కావు, రాయి పైపొర కరిగిపోయిన చోట్లు. పాలరాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బాత్‌రూం యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ రెండూ తగిలిన వెంటనే బుసబుసమని నురగ వచ్చి, కార్బన్ డయాక్సైడ్ వెలువడి, రాయి కరుగుతుంది. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు ఏర్పడినది కూడా, స్వల్పంగా ఆమ్లగుణం ఉన్న నీరు యుగాల తరబడి సున్నపురాతిని కరిగించడం వల్లనే. అక్కడ అంత నెమ్మదిగా జరిగిన పని మీ హాలులో క్షణాలలో జరిగింది, ఎందుకంటే బాత్‌రూం యాసిడ్ ఆ నీటి కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది.

దీనికి పరిష్కారం మళ్లీ పాలిష్ చేయించడం ఒక్కటే. మార్బుల్ పాలిష్ మేస్త్రీలు యంత్రానికి డైమండ్ ప్యాడ్లు బిగించి, ముందు గరుకు ప్యాడ్‌తోనూ తరువాత క్రమంగా నున్నటి ప్యాడ్లతోనూ నీళ్లు పోస్తూ అరగదీస్తారు. మచ్చ మీద గోరు నడిపినప్పుడు గుంట తగలకపోతే నష్టం పైపైనే ఉన్నట్టు, అప్పుడు నున్నటి ప్యాడ్లతో పని సరిపోవచ్చు. గోరుకు గరుకుదనం, పల్లం తెలుస్తుంటే గరుకు ప్యాడ్ నుంచి మొదలుపెట్టక తప్పదు. బేరం కుదుర్చుకునే ముందే ఒక మూలన రెండడుగుల చదరం చేసి చూపించమని అడగండి. ఆ చదరాన్ని పగటి వెలుగులో, కిటికీ వైపు నుంచి వంగి చూసి, తృప్తిగా ఉంటేనే మిగతా పని ఒప్పుకోండి. మైనం రాసి మెరిపిస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. ఆ మెరుపు కొన్ని వారాలు ఉంటుంది, ఆ తరువాత మైనానికి దుమ్ము పట్టి నేల పసుపుపచ్చగా మారుతుంది.

పాలిష్ అయిన తరువాత ఆ నేలను కాపాడుకోవడం కష్టమేమీ కాదు. రోజూ పొడిగా ఊడ్చి, ఆపై నీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. వారానికి ఒకసారి బకెట్ నీళ్లలో కొద్ది చుక్కలు గిన్నెలు తోమే ద్రవపు సబ్బు గానీ, పీహెచ్ 7 ప్రాంతంలో ఉండే రాతి క్లీనర్ గానీ కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో మరోసారి తుడవాలి. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, టమాటా రసం, కూల్‌డ్రింకు ఏది ఒలికినా అప్పటికప్పుడే తుడిచేయండి. ఇవి కూడా ఆమ్లాలే, నెమ్మదిగానైనా అదే నష్టం చేస్తాయి.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి మరొకటి చెప్పాలి. కాఠిన్యం కొలిచే మోస్ కొలమానంలో పాలరాయి 3 దగ్గర ఉంటే, బీచ్ ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. చెప్పులకు, పాదాలకు అంటుకుని వచ్చిన ఇసుక మీద నడిచిన ప్రతిసారీ పాలిష్ మీద సన్నని గీతలు పడతాయి. అందుకని గడప బయట గరుకైన పట్టా ఒకటి, లోపల మెత్తటిది ఒకటి వేసి, వాటిని రోజూ బయట దులపండి. ఇసుక ఉన్న నేలను ఊడ్చకుండా తడిగుడ్డ పెట్టడం గీతలను కోరి తెచ్చుకోవడమే అవుతుంది.

ఇదంతా మార్బుల్‌కు మాత్రమే వర్తించేది కాదు. తాండూరు బండలు, షాబాద్ బండలు, బేతంచర్ల రాళ్లు, నల్లటి కడప రాయి కూడా సున్నపురాతి జాతివే. మీ ఇంటి రాయి ఏదో తెలియకపోతే, మంచం కింద ఎవరికీ కనబడని మూలన ఒక్క చుక్క నిమ్మరసం వేసి కొద్ది నిమిషాలు ఉంచి తుడిచి చూడండి. బుడగలు వచ్చినా, ఆ చోట మెరుపు తగ్గినా ఆ ఇంట్లోకి యాసిడ్ సీసాను రానివ్వకూడదు.

ప్రశ్న: అక్కయ్యపాలెంలో మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నాము. పాత టైల్స్ తీసేసి కొత్తగా వేయించాలి. మావారు గ్రానైట్ అంటున్నారు, మా తమ్ముడు మార్బుల్ బాగుంటుందంటున్నాడు, షాపువాళ్లు విట్రిఫైడ్ టైల్స్ చూపిస్తున్నారు. మా అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులతో ఇబ్బంది పడుతున్నారు. ఏది ఎంచుకోవాలి? — ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారి నడక నుంచి మొదలుపెడదాము, ఎందుకంటే అద్దంలా మెరిసే నేల ఏదైనా తడి తగిలితే జారుతుంది. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరగడం దాకా పోవచ్చు. కాబట్టి ఆమె తిరిగే గదులకు, వంటగదికి మెరుపు లేని మ్యాట్ రకాన్ని, బాత్‌రూంకు, బట్టలుతికే బాల్కనీకి జారని రకాన్ని తీసుకోండి. టైల్స్ పెట్టెల మీదనో కంపెనీ పత్రంలోనో జారుడుకు సంబంధించి ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు గుర్తులు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ జారుడు తగ్గుతుంది. ఇంటి బాత్‌రూంకు ఆర్ 10 గానీ ఆర్ 11 గానీ సరిపోతుంది. అంతకు మించిన గరుకుదనం పాదాలకు ఇబ్బంది కలిగిస్తుంది, సందుల్లో మురికిని కూడా పట్టి ఉంచుతుంది. షాపులో నమూనా టైలును నేల మీద పెట్టించి, దాని మీద నీళ్లు పోసి, చెప్పులు విడిచి మీరే నిలబడి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక మూడింటి సంగతి. మార్బుల్‌కు కావలసిన జాగ్రత్త ఎంతో పై ఉత్తరంలో చదివారు కదా, వంట, పూజ, పిల్లలు ఉన్న ఇంటికి నేను దానిని సిఫారసు చేయను. గ్రానైట్ గట్టిది. అది చీమకుర్తి నుంచీ శ్రీకాకుళం జిల్లా నుంచీ వస్తుంది కనుక విశాఖలో రకాలకు కొరత లేదు. నిమ్మరసానికీ చింతపండుకూ అది చలించదు. అయితే రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, పాలిష్ చేసిన గ్రానైట్ తడిస్తే బాగా జారుతుంది. రెండోది బరువు: 18 మిల్లీమీటర్ల మందం గల గ్రానైట్ పలక చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు తూగుతుంది, దాని కింద వేసే ఇసుక, సిమెంటు బరువు దీనికి అదనం. ఎప్పుడో టైల్స్ కోసం లెక్కగట్టిన మూడో అంతస్తు శ్లాబు మీద ఇంటి నిండా గ్రానైట్ పరిచే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగడం అవసరం. గ్రానైట్‌ను వంటగట్టుకు, గడపలకు, కిటికీ అడుగు పలకలకు ఉంచుకుని, నేలకు విట్రిఫైడ్ టైల్స్ వేయించుకోమని నా సలహా.

విట్రిఫైడ్ అన్న పేరు ఒక్కటే చూసి కొనకండి. నీటిని ఎంత పీలుస్తుందన్న అంకె అడగండి. విట్రిఫైడ్ టైలు తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చకూడదు. నేలకు వాడే సాధారణ సిరామిక్ టైలు 3 నుంచి 6 శాతం దాకా, గోడ టైలు 10 శాతానికి పైగా పీలుస్తాయి. గోడ టైల్స్‌ను చవకగా వస్తున్నాయని నేలకు వేస్తే, ఎక్కువ కాలం కాకముందే పెచ్చులూడతాయి, పగుళ్లిస్తాయి. ఈ టైల్స్‌కు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 15622. పెట్టె మీద అది ఉందో లేదో చూడండి.

విట్రిఫైడ్‌లోనూ రకాలున్నాయి. డబుల్ చార్జ్ టైలులో రంగు పొర 3, 4 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది గనుక అరిగినా తెలియదు. గ్లేజ్డ్ రకంలో డిజైను పైపొర మీద అచ్చువేసి ఉంటుంది, చూడటానికి అందంగా ఉన్నా బరువైన సామాను ఈడ్చితే గీత తెల్లగా కనబడుతుంది. రాకపోకలు ఎక్కువ ఉండే హాలుకు, వంటగదికి డబుల్ చార్జ్, పడకగదులకు గ్లేజ్డ్ మ్యాట్ వేయించుకుంటే రెండు విధాలా బాగుంటుంది. హాలుకు డబుల్ చార్జ్‌లో మ్యాట్ రకం దొరకడం కష్టమైతే గ్లేజ్డ్ మ్యాట్‌కే మొగ్గండి, మీ ఇంటికి గీతల కంటే జారుడే పెద్ద సమస్య.

పెట్టెలన్నిటి మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉండాలి. లేకపోతే వెలుగు పడినప్పుడు గది సగం ఒక రంగు, సగం మరొక రంగుగా కనబడుతుంది. కోతకు, విరుగుడుకు కలిపి 5 నుంచి 10 శాతం ఎక్కువ కొని, మిగిలిన పెట్టెను అటక మీద దాచండి. అయిదేళ్ల తరువాత అదే షేడ్ బజారులో దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

ప్రశ్న: మేము కంచరపాలెంలో ఉంటాము. ఉదయం తుడిచిన నేల మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటోంది. తడిగుడ్డ పెడితే నల్లటి చారలు పడుతున్నాయి. ఫినాయిల్ ఎక్కువ వేసినా ప్రయోజనం లేదు. — ఒక పాఠకుడు

సమాధానం: పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతులు జరుగుతాయి కనుక, గాలి అటు నుంచి వీచినప్పుడు మీ ప్రాంతపు ఇళ్లలోకి ఆ దుమ్ము వస్తుందన్న ఫిర్యాదు చాలా ఏళ్లుగా ఉన్నదే. ఆ దుమ్మును ఆపవలసిన బాధ్యత మీది కాదు. ఇంట్లోకి వచ్చిన దానిని తీయడానికి మాత్రం పద్ధతి ఉంది. ఇంత సన్నని పొడి తడి తగలగానే ముద్దగా మారి నేలకు పూతలా పరుచుకుంటుంది, మీరు చెప్పిన చారలు అవే. అందుకే ముందు పొడిగా తీయాలి. పూలచీపురుతో విసురుగా ఊడ్చితే పొడి గాలిలోకి లేచి మళ్లీ కూర్చుంటుంది కాబట్టి మైక్రోఫైబర్ పొడి మాపు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ వాడండి. ఆ తరువాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో తుడిచే నీళ్లు, రెండో దానిలో మాపు జాడించే నీళ్లు ఉండాలి. జాడించే నీళ్లు నల్లబడగానే పారబోసి మార్చాలి. ఫినాయిల్ వాసన ఇస్తుంది, క్రిములను కొంత తగ్గిస్తుంది, దుమ్మును మాత్రం తీయదు. మోతాదు మించితే నేల మీద జిడ్డు పొర మిగిలి, మరింత దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇప్పటికే అలాంటి పొర ఉంటే రెండు మూడు సార్లు గోరువెచ్చని సబ్బు నీళ్లతో, ఆపై వట్టి నీళ్లతో తుడిచి వదిలించుకోండి.

ప్రశ్న: మధురవాడలో మా ఫ్లాట్ హాలులో మధ్యాహ్నం పూట పెద్ద చప్పుడుతో నాలుగు టైల్స్ పైకి లేచాయి. భూకంపమేమోనని భయపడ్డాము. పక్క టైల్స్ తడితే డొల్లగా మోగుతున్నాయి. ఇల్లు కట్టి ఆరేళ్లే అయింది. కారణం ఏమిటి? — ఒక పాఠకుడు

సమాధానం: భయపడకండి, టైల్స్ ఇలా లేవడం చాలా ఇళ్లలో జరిగేదే. టైల్స్‌ను ఒకదానికొకటి అతికినట్టు సందు లేకుండా, గోడ నుంచి గోడ దాకా బిగించి వేసినప్పుడు వాటికి సాగే చోటు ఉండదు. ఎండకు టైలు కొద్దిగా వ్యాకోచిస్తుంది, మరోవైపు దాని కిందనున్న కాంక్రీటు శ్లాబు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. ఈ రెంటి మధ్య ఒత్తిడి పెరిగి పెరిగి, పట్టు బలహీనంగా ఉన్న చోట ఒక్కసారిగా తన్నుకుని లేస్తుంది. పట్టు బలహీనపడటానికీ కారణముంది. నీటిని పీల్చని విట్రిఫైడ్ టైలుకు వట్టి సిమెంటు పాలు సరిగా అంటుకోవు. చాలామంది మేస్త్రీలు పాత సిరామిక్ టైల్స్‌కు అలవాటైన పద్ధతినే వీటికీ వాడుతున్నారు.

లేచిన నాలుగింటినే మళ్లీ అతికించి ఊరుకోవద్దు. నాణెంతో హాలంతా తట్టి, డొల్లగా మోగినవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తులు అక్కడక్కడ చెదురుగా ఉంటే వాటి వరకు మారిస్తే చాలు. వరుసలకు వరుసలే డొల్లగా ఉంటే హాలు మొత్తం తీసి వేయించడమే మేలు, లేకపోతే మరో వేసవికి ఇంకొక వరుస లేస్తుంది. కొత్తగా వేసేటప్పుడు ఐఎస్ 15477 ప్రమాణం ఉన్న టైల్ అడ్హెసివ్‌ను, పళ్ల తాపీతో టైలు అడుగంతా పట్టేలా పరిపించండి. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి అతికించే పద్ధతిని ఒప్పుకోకండి. టైలుకు టైలుకు మధ్య స్పేసర్లతో 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు, గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలించండి. గోడ పక్క సందును స్కర్టింగ్ కప్పేస్తుంది గనుక అందానికి లోటు రాదు, కానీ దానిని సిమెంటుతో నింపకూడదు. ఈ సంగతులు పని మొదలయ్యే ముందే మేస్త్రీతో మాట్లాడి, మొదటి రోజు దగ్గరుండి చూసుకోండి.

ప్రశ్న: వంటగదిలో గ్యాస్ సిలిండర్ పెట్టిన చోట తుప్పు వలయం పడింది. పొయ్యి పక్క గ్రానైట్ మీద పసుపు మరక, నూనె మరక ఉన్నాయి. నేల విట్రిఫైడ్ టైల్స్. — ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: విశాఖ ఉప్పుగాలికి సిలిండర్ అడుగు త్వరగా తుప్పు పడుతుంది, తడి నేల మీద పెడితే ఒక్క వారంలోనే వలయం అచ్చుపడవచ్చు. మీది విట్రిఫైడ్ నేల కనుక ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనర్‌ను, దాని మీద రాసిన మోతాదులో, చేతులకు గ్లౌజులు వేసుకుని, పది నిమిషాలు ఉంచి బ్రష్‌తో రుద్ది, నీళ్లతో బాగా కడిగితే పోతుంది. అది విషం, పిల్లలకు అందకుండా దాచండి. మార్బుల్, మొజాయిక్ నేలలున్నవారు దీనిని అనుకరించవద్దు. తుప్పు తీస్తామని అమ్మే కొన్ని ద్రవాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది గ్రానైట్‌నూ టైలు గ్లేజునూ తినేస్తుంది, చర్మానికీ ఎముకకూ ప్రమాదం. సీసా మీద ఆ పేరు కనబడితే కొనకండి. మరక పోయిన తరువాత సిలిండర్‌ను చక్రాల స్టాండు మీద పెట్టుకోండి.

పసుపు మరక మీద సబ్బు గానీ సోడా గానీ వేస్తే ముందు ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపినప్పుడు ఎర్రబడినట్టే. కంగారుపడి ఇంకా రుద్దకండి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి మరక మీద కప్పి ఉంచండి. ముదురు రంగు రాయి అయితే ముందు ఒక మూలన ప్రయత్నించి చూడాలి. ఎండ తగిలే చోటైతే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది. నూనె మరకకు వంటసోడాను నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, 24 గంటల తరువాత తీసేయండి. పాత మరక అయితే రెండు మూడు సార్లు చేయవలసి రావచ్చు.

ప్రశ్న: రుషికొండలో సముద్రం వైపు ఉన్న మా ఇంట్లో పడకగదికి చెక్కలా కనబడే లామినేట్ వేయించవచ్చా? — ఒక పాఠకుడు

సమాధానం: వద్దండి. లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపొట్టు పలక, తేమకు అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్లీ దిగవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు పగిలి ఎన్ని ఇళ్లలోకి వాన నీరు చేరిందో మీకు గుర్తుండే ఉంటుంది. చెక్క రూపమే కావాలంటే చెక్క డిజైను ఉన్న విట్రిఫైడ్ పలకలు వేయించుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే అమ్మాయి నిన్న బాత్‌రూం నేల బాగా తెల్లబడాలని బ్లీచింగ్ నీళ్లు, యాసిడ్ కలిపి పోసింది. ఘాటైన వాసన వచ్చి దగ్గుతో కళ్లు మండి బయటికి పరుగెత్తింది. రెండూ నేల కడిగేవే కదా, ఎందుకిలా జరిగింది? — ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు, తలుపు మూసిన చిన్న బాత్‌రూంలో ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆమెకు ఇంకా దగ్గు, ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం వంటివి ఉంటే ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగి ఉండరని, వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. క్లోరిన్ పీల్చినవారికి ఆయాసం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా మొదలుకావచ్చు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ను కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు. పొరపాటున కలిసినప్పుడు దాని మీద మరేదీ పోయకుండా అందరూ బయటికి వచ్చేసి, తలుపులు తెరిచి, గాలి ఆడిన తరువాతే లోపలికి వెళ్లాలి. రెండు సీసాలనూ వేర్వేరు చోట్ల ఉంచండి. ఆమెకు రబ్బరు గ్లౌజులు కొని ఇవ్వండి, ఏది దేనితో కలపకూడదో కూర్చోబెట్టి చెప్పండి. ఇంట్లో మందులు కొనేది మనం, వాటి ముందు వంగి పనిచేసేది ఆమె.

ప్రశ్న: మహారాణిపేటలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో మొజాయిక్ నేల ఉంది. మెరుపు పోయి, అక్కడక్కడ సన్నని పగుళ్లు వచ్చాయి. పిల్లలు దాని మీదే టైల్స్ వేయించేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. — ఒక పాఠకుడు

సమాధానం: మీ మనసు చెప్పినదే సరైనది. మొజాయిక్ అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోసి, గట్టిపడ్డాక అరగదీసిన నేల. ఆ పొర ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మళ్లీ పాలిష్ చేయవచ్చు, ఆ వెసులుబాటు ఏ టైలుకూ లేదు. పైగా టైల్స్ పరిస్తే నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద కోయించాలి, గడపల దగ్గర కాలికి తగిలే మెట్టు ఏర్పడుతుంది.

ముందుగా పగుళ్లను చూడండి. వెంట్రుకవాసి పగుళ్లయితే నేల రంగుకు సరిపోయే వన్నె కలిపిన తెల్ల సిమెంటుతో నింపి, ఆరిన తరువాత పాలిష్ పట్టించవచ్చు. పగులుకు ఒక వైపు దిగి మరో వైపు లేచినట్టుంటే కింద మట్టి కుంగి ఉంటుంది, అది ఇంజనీరు చూడవలసిన పని. పాత మేస్త్రీలు చివరి మెరుపు కోసం ఆక్సాలిక్ పొడి చల్లి తిప్పుతారు. తగు మోతాదులో, తెలిసినవారి చేతిలో అది ఫరవాలేదు, మీరు స్వయంగా ప్రయత్నించకండి. పాలిష్ చేసేటప్పుడు వచ్చే బురద నీటిని కాలువల్లోకి, బాత్‌రూం గొట్టాల్లోకి పోనివ్వకండి. అది లోపల సిమెంటులా గడ్డకడుతుంది, బకెట్లకు ఎత్తించి బయట పారబోయించాలి. గోడల అడుగున రెండడుగుల దాకా ప్లాస్టిక్ కట్టించండి. పని ముగిశాక నేలను రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే సామాను లోపలికి చేర్చండి, బీరువా కాళ్ల కింద మందపాటి గుడ్డ ముక్కలు వేసి.